అరిటాకు సైటు

ఓల్డ్ ప్యాడిల్ లేక్‌లో ఏడో నంబరు సైటులో రాత్రి టెంటు వేయొద్దు. ఉత్తర బ్రిటిష్ కొలంబియాలో ఉన్న పాతిక ముప్ఫై తెలుగు కుటుంబాల్లో ఈ మాట తెలియనివాళ్ళు లేరు. మంచు కరిగి కొండల్లో రోడ్లు తెరిచారంటే చాలు, మా ప్రిన్స్ జార్జ్ వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒకరు మొదలుపెడతారు. ఆరు బుక్ చేసుకోండి, ఎనిమిది చేసుకోండి, ఏడు మాత్రం వద్దు. అక్కడ ఒకావిడ ఉంది. రాత్రిపూట వచ్చి భోంచేసి వెళుతుంది.

దానికి అరిటాకు సైటు అని పేరు రావడానికి కారణం తారక్. ఇక్కడ మిల్లులో ఇంజనీరు. మూడేళ్ళ కిందట జూన్ నెలాఖరులో భార్య విద్యతో, అయిదేళ్ళ కొడుకు బన్నీతో ఆ సైటులో దిగాడు. దిగిన సాయంత్రమే సరస్సు ఒడ్డున బల్లపరుపు బండ మీద అతనికి అరిటాకు కనపడింది.

చలికాలం మైనస్ నలభైకి పోయే చోటు. ఆపిల్ చెట్టే నిలదొక్కుకోలేదు. చుట్టూ స్ప్రూస్ చెట్లు, పైన కొండల మీద జూన్‌లో కూడా కరగని మంచు... అక్కడ అరిటాకు. ఒక పక్కకి మడతపడి ఉంది. ఒక్క మెతుకు లేదు. ఎవరో ఇప్పుడే భోంచేసి లేచినట్టు ఉంది.

ఆ రాత్రి వాళ్ళ టెంటు చుట్టూ ఎవరో నడిచారు.

నెమ్మదిగా... బరువుగా... మోకాళ్ళ నొప్పులున్న ఆడమనిషి నడిచినట్టు. ఇది విద్య మాట. టెంటు గుడ్డకి అవతల ఊపిరి. దీర్ఘంగా వచ్చి, ఆగి, మళ్ళీ దీర్ఘంగా. తారక్ భార్య నోటి మీద చెయ్యి పెట్టాడు. పిల్లాడు నిద్రలోంచి లేచి కూర్చుని, "మామ్... సమ్‌బడీ ఈజ్ హంగ్రీ" అన్నాడట.

ఊపిరి ఆగింది. అడుగులు బండ వైపు వెళ్ళిపోయాయి. వాళ్ళు సామాను అక్కడే వదిలేసి కారెక్కారు. మర్నాడు పట్టపగలు వెళ్ళి చూస్తే టెంటు గుడ్డ మీద బురద ముద్ర ఉంది. వెడల్పాటి అరచెయ్యి, అయిదు వేళ్ళు.

ఇదీ కథ. ప్రతి ఏడూ ఎవరో ఒకరు దీనికి ఇంకొంచెం మసాలా దట్టిస్తారు. తెల్లచీర అంటారు, గాజుల చప్పుడు అంటారు. విన్న ప్రతిసారీ నాకు ఒళ్ళు మండుతుంది. ఆ అరిటాకు నేను కొన్నది. ఇండియన్ స్టోర్లో ఫ్రీజర్ అడుగునుంచి ఏరి తెచ్చాను. దాని మీద వడ్డించినవీ నా చేత్తో చేసినవే. వీళ్ళందరూ కాఫీ తాగుతూ చెప్పుకునే ఆ 'ఆవిడ' మా అక్క మీనాక్షి.

నా పేరు శాంత. పేరు పెట్టినవాళ్ళు తొందరపడ్డారు. ఇక్కడి కాలేజీలో ఇరవై తొమ్మిదేళ్ళు కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యాను. అక్కా, బావగారు విన్నిపెగ్‌లో ఉండేవారు. వాళ్ళకి పిల్లల్లేరు. బావగారు అమరేశ్వరరావు గారు గుండె డాక్టరు. మంచి డాక్టరు, కాదనను. ఆయన చేతిలో బతికి బయటపడ్డవాళ్ళు ఆ ఊరి నిండా ఉన్నారు. ఇంట్లో మాత్రం మంచినీళ్ళ గ్లాసు ఏ అలమారాలో ఉంటుందో ఆయనకి తెలియదు.

అక్కకి పక్షులంటే ప్రాణం. వంటింటి కిటికీ దగ్గర బైనాక్యులర్స్ పెట్టుకునేది. కూర కలుపుతూ ఒక కన్ను బయట ఉండేది. ఉత్తరాన కొండల్లో సరస్సులు చూడాలని పెళ్ళయిన మొదటి ఏడాది నుంచీ అడిగింది. బావగారు ఎప్పుడూ కాదనలేదు. వచ్చే ఏడు వెళ్దాం, అనేవారు. ముప్ఫై ఒక్క ఏళ్ళు అలా అన్నారు.

ఆఖరికి అక్క ఒక్కతే విమానమెక్కి నా దగ్గరికి వచ్చింది. ఇద్దరం మూడు రోజులకని ఓల్డ్ ప్యాడిల్ లేక్‌కి వెళ్ళాం. ఏడో నంబరు సైటు.

ఆ మొదటి రోజు నాకు గంట గంటా గుర్తుంది. ఆకుపచ్చ నీళ్ళు. ఎదురుగా కొండ, దాని నీడ నీళ్ళ మీద. లూన్ పక్షి పిల్లల్ని వీపు మీద ఎక్కించుకుని ఈదుతూ మా ముందునుంచే పోయింది. అవతలి ఒడ్డున మూస్ అనే పెద్ద అడవి దుప్పి ఒకటి మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి తామర కాడలు నములుతోంది, పక్కన గోధుమరంగు పిల్ల. గద్ద ఒకటి నిలువునా నీళ్ళలో పడి చేపతో లేచింది. అక్క బండ మీద కూర్చుని, ఆ చల్లటి నీళ్ళలో కాళ్ళు పెట్టి, బ్రెడ్డూ అరటిపండూ తింది. వంట చేయనని ముందే చెప్పింది.

"ఇక్కడ నన్ను అన్నం పెట్టమనేవాళ్ళు ఎవ్వరూ లేరే, శాంతా" అంది.

రెండో రోజు ఇరవై కిలోమీటర్లు వెనక్కి వచ్చి, సిగ్నల్ దొరికే చోట ఫోన్ తెరిచింది. పదకొండు మిస్డ్ కాల్స్. నేను గుండె చేత్తో పట్టుకున్నాను. బావగారికి ఏమైందో అనుకున్నాను. ఏమీ కాలేదు. పెరుగు తోడుకోలేదట. ఫ్రిజ్‌లో ఏ డబ్బాలో ఏముందో తెలియలేదట. "రాత్రినుంచీ సరిగ్గా భోజనం లేదు, ఎప్పుడొస్తున్నావ్?" అని అడిగారు.

అక్క టెంటు విప్పేసింది. నేను అరిచాను, బతిమాలాను. వినలేదు. కారెక్కింది. సీటులో వెనక్కి తిరిగి, బైనాక్యులర్స్ కళ్ళకి పెట్టుకుని, ఆ సరస్సు చెట్ల వెనక్కి పోయేదాకా చూస్తూనే ఉంది.

రెండేళ్ళకి పోయింది. వంటింట్లో, పొయ్యి ముందు. ఆ సమయానికి బావగారు ఇంకెవరిదో గుండె బాగుచేస్తున్నారు.

బూడిద ఆ సరస్సులోనే కలపమని నేను పట్టుబట్టాను. ఆయన కాదనలేదు. మొదటి తద్దినం కూడా అక్కడే పెడతానన్నారు. అరిటాకు, గారెలు, పరమాన్నం నన్ను చేసిమ్మన్నారు. విన్నిపెగ్ గుడి పంతులుగారితో మంత్రాలు ఫోన్‌లో రికార్డు చేయించుకొచ్చారు. నేనూ వస్తానంటే వద్దన్నారు.

ఇక్కడినుంచి ఆయన నాకు చెప్పింది చెప్పినట్టు చెబుతున్నాను.

మధ్యాహ్నం బండ మీద ఆకు పరిచి, పిండాలు పెట్టి, పక్కన గారెలు పెట్టి, దూరంగా నిలబడ్డారు. కాకి రావాలి. కాకి ముట్టిందంటే పోయినవాళ్ళు తృప్తిపడ్డట్టు. ముట్టలేదంటే వాళ్ళకి ఏదో తీరని కోరిక ఉన్నట్టు. అప్పుడు మనం చేతులు కట్టుకుని, నీ ఫలానా కోరిక తీరుస్తాం అని పైకి చెప్పాలి. సరైన మాట పడిందంటే కాకి దిగుతుంది. మా ఇళ్ళలో ఇది చిన్నప్పటినుంచీ చూస్తున్నదే.

ఇక్కడి అడవి కాకి మన కాకికి రెండింతలు ఉంటుంది. రేవెన్ అంటారు. మనం చూస్తుండగానే సంచీ జిప్పు లాగి చిప్స్ ఎత్తుకుపోయే రకం. అలాంటివి నాలుగు స్ప్రూస్ కొమ్మ మీద కూర్చుని ఆకు వంక చూశాయి.

దిగలేదు.

"నీ పేరు మీద అన్నదానం చేయిస్తాను, మీనాక్షీ" అన్నారు ఆయన. దిగలేదు. "మీ ఊళ్ళో బడికి గది కట్టిస్తాను." దిగలేదు. "నీ నగలు శాంతకిస్తాను." ఒక కాకి ముక్కు గోక్కుంది. అంతే.

సాయంత్రమైంది. జూన్ నెలలో ఆ కొండల్లో రాత్రి పదింటిదాకా వెలుతురు పోదు. ఆయన ఆకు అక్కడే వదిలి టెంటులో కూర్చున్నారు. ఏం తప్పు చేశానా అని ఆలోచించారట. ఏమీ తట్టలేదట. నాతో అలాగే చెప్పారు, నా మొహం చూస్తూ.

పదిన్నర. నీళ్ళ మధ్యలో లూన్ పక్షి ఏడ్చింది. దాని కూత ఆడమనిషి ఏడ్చినట్టే ఉంటుంది, తెలిసినవాళ్ళకీ ఒళ్ళు జలదరిస్తుంది. కూత ఆగింది. తర్వాత... విల్లో పొదలు కదిలాయి.

ఎవరో వచ్చారు. నల్లగా, బరువుగా. నేరుగా బండ దగ్గరికి వెళ్ళి ఆకు ముందు కూర్చున్నారు. గుండ్రటి వీపు. వంచిన తల. మసక వెలుతురులో అంతకన్నా తెలియలేదు. గారె కొరికిన చప్పుడు మాత్రం స్పష్టంగా వినపడింది.

"మీనాక్షీ..." అన్నారు ఆయన.

చప్పుడు ఆగింది. పెద్ద నిట్టూర్పు ఒకటి వినిపించింది. తర్వాత మళ్ళీ తినసాగింది.

"తిన్నది, శాంతా" అన్నారు ఆయన మర్నాడు మా ఇంట్లో సోఫాలో కూర్చుని. "కాకి ముట్టకపోతేనేం... తనే వచ్చి తిన్నది. నన్ను క్షమించింది."

నాకు రెండు కోపాలు ఒకేసారి వచ్చాయి. ఒకటి, క్షమించింది అన్నందుకు. దేనికి క్షమించాలో ఈయనకి ఇంకా తెలియనే తెలియదు. రెండోది, ఆ కూర్చున్నదేమిటో నాకు వినగానే అర్థమైనందుకు. ఇరవై తొమ్మిదేళ్ళుగా ఈ ఊళ్ళో చెత్తడబ్బాకి తాళం వేసి పడుకుంటున్నదాన్ని. ఎలుగుబంటి.

చెప్పలేదు. వారం రోజులు చెబుదామా వద్దా అనుకుని, మానేశాను. ఆయన మొహంలో అంత వెలుగు అక్క పోయాక అదే మొదటిసారి. అది ఒక్కటే అయితే నన్ను నేను క్షమించుకునేదాన్ని. ఇంకొకటి కూడా ఉంది. అక్క పేరు మీద నేను చేసిన గారెలు ఏదో ఒక ప్రాణి కూర్చుని తింటోందంటే, నాకూ బాగుంది. సిగ్గులేకుండా బాగుంది. మరుసటి ఏడు పప్పు ఇంకొంచెం ఎక్కువ నానబోశాను.

మనిషి తిండి రుచి మరిగిన ఎలుగుబంటి మనుషుల్ని వెతుక్కుంటూ వస్తుంది. అలా వచ్చినదాన్ని ఇక్కడ బతకనివ్వరు. ఇది నాకు తెలుసు. తెలిసి మూడేళ్ళు వండాను.

ఏడాది పొడవునా ఖాళీగా ఉండే ఆ బండ దగ్గరికి అది జూన్ రాగానే వచ్చేది. ఆకు లేకపోతే పక్క టెంటు దగ్గరికి పోయేది. తారక్ టెంటు చుట్టూ నడిచింది అదే.

పోయిన జూన్‌లో బావగారు నాలుగో తద్దినం పెట్టి వెళ్ళిన మూడో రోజు, అది ఎనిమిదో సైటులో ఒక టెంటు చీల్చింది. లోపలి ఇద్దరూ ఎలాగో కారులోకి దూకి బతికారు. తెల్లారేసరికి దాన్ని కాల్చేశారు.

ఆ వారమే మా గుమ్మంలోకి యూనిఫాంలో ఒక అమ్మాయి వచ్చింది. వన్యప్రాణుల ఆఫీసరు. పాతికేళ్ళుంటాయేమో. ఏడో సైటు నా పేరు మీద బుక్కయి ఉంది మరి. చేతిలో ప్లాస్టిక్ సంచీ, అందులో నమిలిన ఆకు ముక్క.

"ఇదేం ఆకో మా ఆఫీసులో ఎవరికీ తెలియలేదు" అంది.

నేను చెప్పాను. అంతా చెప్పాను. ఆ అమ్మాయి నోట్ చేసుకుంటూ ఒక్కసారి కూడా తలెత్తలేదు.

"ఆడది" అంది చివరికి. "పాలిచ్చే తల్లి. పిల్ల ఒకటి చెట్టెక్కి కూర్చుంది. పట్టుకుందామని బోను తెచ్చేసరికి పారిపోయింది. బతుకుతుందో లేదో తెలియదు." లేచి నిలబడింది. "బతికితే మాత్రం, దానికి ఆ బండకి దారి తెలుసు. వాళ్ళమ్మే చూపించింది. అక్కడ దానికి ఇంకొక్కసారి తిండి దొరికితే, దాన్ని కాల్చే డ్యూటీ కూడా నాదే. దయచేసి నాతో ఆ పని చేయించకండి."

తిట్టి ఉంటే బాగుండేది.

బావగారికి ఫోన్‌లో చెప్పలేదు. ఏడాదంతా ఆ కోపాన్ని దాచి ఉంచాను. ఈ జూన్‌లో ఆయన సూట్‌కేసుతో దిగి, గారెలకి పప్పు నానబోశావా అన్నారు. లేదన్నాను. ఈసారి నేనూ వస్తున్నానన్నాను. ఆయన సూట్‌కేసు తెరిచి, చిన్న గిన్నె ఒకటి తీశారు. దానితో పాటు బియ్యం, నెయ్యి సీసా, నల్ల నువ్వులు.

"నేను వండుతాలే. నేర్చుకున్నాను" అన్నారు.

డెబ్భై నాలుగేళ్ళు. సరస్సు ఒడ్డున క్యాంపు స్టవ్ ముందు గొంతుక్కూర్చుని, బియ్యం మీద వేలు నిలబెట్టి నీళ్ళ లోతు కొలిచారు. అచ్చం అక్క కొలిచినట్టే, వేలి మొదటి కణుపు దాకా. అది చూసి నాకు జాలి రాలేదు. కడుపు మండిపోయింది. ఆ వేలికి ఈ పని నేర్చుకోవడానికి ఒక్క పూట పట్టి ఉంటుంది. ఆ ఒక్క పూట ముప్ఫై ఏళ్ళ ముందు దొరికి ఉంటే, మా అక్క ఈ బండ మీద మూడో రోజు కూడా కూర్చునేది.

సరస్సు ఏమీ మారలేదు. అవే ఆకుపచ్చ నీళ్ళు, అదే కొండ. లూన్ పిల్లలు మళ్ళీ తల్లి వీపు మీద. అక్క చూడాల్సినవన్నీ నేను చూస్తున్నాను.

మంత్రాలు అయ్యాయి. అన్నం మెత్తబడి పిండాలు చేతికి అతుక్కున్నాయి. ఆకు మీద పెట్టి ఆయన వెనక్కి వచ్చారు. కాకులు కొమ్మ మీద ఉన్నాయి. దిగలేదు.

"బావగారూ, సాయంత్రంలోగా అది తీసేయాలి. ఒక్క మెతుకు ఉండకూడదు" అన్నాను.

"కాకి ముట్టలేదు కదా. రాత్రికి తనే వస్తుంది."

అప్పుడు చెప్పాను. గొంతు పెంచకుండా, ఒక్క ముక్క దాచకుండా. నాలుగేళ్ళు వచ్చి తిన్నది అక్క కాదని. దాన్ని ఏం చేశారో. దానికి పిల్ల ఉందని. నేను తెలిసీ వండానని.

ఆయన బండ వైపు చెయ్యి చూపించారు.

"నేను చూశాను, శాంతా. కూర్చుని తిన్నది."

"ఎలుగుబంటీ కూర్చునే తింటుంది."

"ఎలుగుబంటే అనుకో. దాని లోపలికి... తను రాకూడదా?"

నాకు ఇంకా కోపం వచ్చింది.

"వచ్చిందనే అనుకుందాం. అయితే రెండోసారి కూడా మీ అన్నమే తనని చంపింది" అన్నాను.

ఆయన ఆకు తీయనివ్వలేదు. నేను ఎలుగుబంట్లని తరిమే కారం స్ప్రే ఒక పక్క, స్టీలు పళ్ళెం, గరిటె ఒక పక్క పెట్టుకుని టెంటు ముందు కూర్చున్నాను. దోమలు పీక్కు తిన్నాయి. తొమ్మిదయింది. పదయింది. నీళ్ళ రంగు మారింది. లూన్ ఒక్కసారి కూసింది.

తర్వాత విల్లో పొదలు కదిలాయి.

చిన్నది. ఏడాది దాటిన ఒళ్ళు, బక్కగా, చెవులు మాత్రం పెద్దవి. తల్లి వచ్చిన దారినే వచ్చింది. బండకి నాలుగు గజాల దూరంలో ఆగి, ముక్కు ఎత్తి గాలి పీల్చింది. ఇంకో రెండు గజాలు... ఆగింది... కూర్చుంది. గుండ్రటి వీపు. వంచిన తల.

బావగారు నా మణికట్టు పట్టుకున్నారు.

"చూడు... అలాగే కూర్చుంది" అన్నారు గుసగుసగా. "కొట్టకు, శాంతా. నీకు దణ్ణం పెడతాను."

నేను ఏళ్ళ తరబడి అరవాలనుకున్న అరుపు నా గొంతులో సిద్ధంగా ఉంది. కానీ అరిస్తే అది నా అరుపవుతుంది. ఈయన మళ్ళీ సూట్‌కేసు సర్దుకుని వచ్చే జూన్‌లో దిగుతారు. పళ్ళెం, గరిటె తీసి ఆయన ఒళ్ళో పెట్టాను.

"అది తిందంటే చస్తుంది. పెట్టింది మీరు. ఏం చేస్తారో మీ ఇష్టం."

అది చెయ్యి చాచింది. అవును, చెయ్యే. అయిదు వేళ్ళు. ఆకు అంచు మీద పడింది.

ఆయన లేచారు.

మోకాళ్ళు టక్కుమన్న చప్పుడు నాకు వినపడింది. ఎనభై అడుగులు కూడా లేని ఆ దూరం ఆయన ఎంతసేపు నడిచారో. నేను స్ప్రే పిన్ను లాగి వెనకే వెళ్ళాను. అది వెనక్కి జరిగి, రెండు కాళ్ళ మీద నిలబడింది. ఆయన భుజం దాకా వచ్చింది. ఆయన దాని మొహంలోకి చూశారు. వంగి, ఆకుని రెండు చేతులా ఎత్తి గుండెకి హత్తుకున్నారు. నెయ్యీ మెతుకులూ చొక్కా మీద కారాయి. అలాగే వెనక్కి నడిచి వచ్చి, తిండి దాచే ఇనప పెట్టెలో పెట్టి, గడియ వేశారు.

తిరిగి వెళ్ళి పళ్ళెం మీద గరిటెతో కొట్టారు. మొదటి దెబ్బకి సరిగ్గా చప్పుడు కూడా రాలేదు.

"వెళ్ళు" అన్నారు.

అది కదలలేదు. తల పక్కకి వాల్చి చూసింది.

"వెళ్ళు. నీకిక్కడ ఏమీ లేదు." ఇంకో దెబ్బ. ఇంకోటి. "నేనింక ఏమీ తేను. ఇక్కడికి రాను. నువ్వు నాకు ఏమీ వండక్కర్లేదు. పెట్టక్కర్లేదు. ఫోన్ ఎత్తక్కర్లేదు. నీ ఇష్టమొచ్చినన్నాళ్ళు ఉండు. వెళ్ళు, మీనాక్షీ. వెనక్కి తిరిగి చూడకు."

గులకరాయి తీసి విసిరారు. అది దాని డొక్కలో తగిలింది. బుస్సుమని, వెనుదిరిగి పరుగెత్తింది. పొదలు కదిలాయి, కొండవాలు మీద చెట్లు కదిలాయి, ఆ తర్వాత ఏమీ కదలలేదు. ఆయన పళ్ళేన్ని కొడుతూనే ఉన్నారు. గరిటె వంగిపోయాక నేను లాక్కున్నాను.

అవన్నీ నేను ఆయన్ని అడగాల్సిన మాటలు. పెరుగు గురించి, ఫోన్ల గురించి. ఈయనకి తెలియవనుకున్నాను. తెలుసు. ఎప్పటినుంచి తెలుసో నేను అడగలేదు, అడిగితే ఆ గరిటెతో నేనే కొట్టి ఉండేదాన్ని.

ఆయన వెళ్ళి కారులో కూర్చున్నారు. తల వంచుకుని, తలుపు వేసుకుని.

బండ కడగాలి. నెయ్యి వాసన ఉన్నా అది మళ్ళీ వస్తుంది. నేను బకెట్‌తో నీళ్ళు ముంచుకుని ఒక్కదాన్నే బండ దగ్గరికి వెళ్ళాను. వెలుతురు దాదాపు పోయింది. ఆయన ఆకు ఎత్తినప్పుడు రాలిన మెతుకులు అయిదారు, నల్ల నువ్వులతో కలిసి బండ మీద ఉన్నాయి. వంగాను.

నా తల మీదుగా రెక్కల చప్పుడు.

అడవి కాకి. అవి ఆ వేళకి గూటికి చేరిపోతాయి. ఇన్నేళ్ళలో నేను ఆ చీకట్లో ఒక్క రేవెన్‌ని చూడలేదు. ఇది దిగింది. నా చేతికి జానెడు దూరంలో, బండ మీద నడుచుకుంటూ వచ్చింది. ఆగి నన్ను చూసింది. ఎంతసేపో చూసింది.

తర్వాత ఒక్క మెతుకు తీసుకుంది.

ఒక్కటే. మిగతావి ముట్టలేదు. ముక్కు అటూ ఇటూ బండకి తుడుచుకుని లేచి, చెట్ల వైపు పోకుండా నీళ్ళ మీదికి పోయింది. తిన్నగా సరస్సు మధ్యకి, మేము అక్కని వదిలిన చోటికి. అక్కడిదాకా నల్లగా కనపడింది. ఆ తర్వాత కనపడలేదు. అవతలి ఒడ్డుకి చేరినట్టు కూడా కనపడలేదు.

బకెట్ చేతిలో ఉందని నాకు చాలాసేపటికి గుర్తొచ్చింది. బండ కడిగాను. మూడుసార్లు కడిగాను.

కారెక్కాక ఆయన అద్దంలోంచి బయటికి చూస్తూ అడిగారు, "ఏమైనా... వచ్చిందా?"

"చీకటి. నాకేం కనపడలేదు" అన్నాను.

ఆయన మాట మీద నిలబడ్డారు. ఇక వెళ్ళనన్నారు, వెళ్ళరు. వచ్చే జూన్‌లో తద్దినం గుళ్ళోనే పెడతారట. ఆ చిన్న ఎలుగుబంటి కొండ అవతల నేరేడు పళ్ళలాంటి అడవి పళ్ళు తింటూ ఒకసారి కనపడిందని ఆఫీసరమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. మనుషుల్ని చూసి పారిపోయిందట. మా గ్రూపులో మాత్రం ఏడో సైటు కథ ఇంకా నడుస్తూనే ఉంది. ఒకావిడ రాత్రిపూట పళ్ళెం మోగిస్తుందని కొత్తగా చేర్చారు. నేను సరిదిద్దలేదు. భయపడి ఎవరూ పోకపోతేనే మంచిది. అక్కకి అక్కడ ఇంక ఎవరితోనూ పనిలేదు.

ప్రతి ఆదివారం విన్నిపెగ్ నుంచి బావగారు ఫోన్ చేస్తారు. ఏం వండుకున్నారో చెబుతారు. ఈమధ్య పెరుగు గట్టిగా తోడుకుంటోందట. అన్నీ అయిపోయాక, పెట్టేసే ముందు, గొంతు తగ్గించి అడుగుతారు.

"శాంతా... ఆ రోజు కాకి?"

మాట నాలుక చివరిదాకా వస్తుంది. చెబితే ఆ ముసలాయన ఆ రాత్రి నిద్రపోతారు. నాకు తెలుసు. అప్పుడు అక్క కనపడుతుంది, కారు సీటులో వెనక్కి తిరిగి, బైనాక్యులర్స్ కళ్ళకి పెట్టుకుని.

చెప్పకుండా ఉండిపోను. అంత రాక్షసిని కాను. వచ్చే ఏడు చెబుతాను.